రాయలవారు ఏడాదిన్నర ఆగిన కొండ

ఈ సంచికకి ఒక గొప్ప మనిషి జీవితం రాసివ్వమని క్లబ్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చేసరికి కలాం గారినీ, విశ్వేశ్వరయ్య గారినీ వేరేవాళ్ళు తీసేసుకున్నారు. ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు చరిత్రలో నాకు బాగా తెలిసిన పేరు శ్రీకృష్ణదేవరాయలు ఒక్కటే. అది కూడా తెనాలి రామకృష్ణుడి కథల పుణ్యం, టీవీలో చూసిన ఎన్టీఆర్ సినిమాల పుణ్యం. సరే, ఆయన గురించే రాస్తానని పేరు ఇచ్చేశాను.

అదే వారంలో మా సీనియర్ ఒకరు నెదర్లాండ్స్ నుంచి ఫొటోలు పెట్టారు. ఆయన అక్కడ డెల్ఫ్ట్‌లో ఎమ్మెస్ చేస్తున్నారు. ఆదివారం పూట పొద్దున బయల్దేరి, కట్టల మీద, కాలవల పక్కన నడుచుకుంటూ రెండు మూడు పాత ఊళ్ళు చూసి సాయంత్రానికి ఇంటికి చేరారట. ఆ దేశంలో దాదాపు నాలుగో వంతు భూమి సముద్రమట్టం కంటే కిందే ఉంటుంది. చుట్టూ కట్ట పోసి, ఒకప్పుడు గాలిమరలతో, ఇప్పుడు పంపులతో నీళ్ళు తోడేసి ఆ నేలని సాగులోకి తెచ్చారు. దాన్ని పోల్డర్ అంటారు. ఫొటోలు చూసి మా గ్రూప్‌లో అందరూ ఎప్పుడు పోతామో అని నిట్టూర్చారు.

ఆ ఫొటో నేను ఆత్మకూరులో మా తాతకి చూపించాను. సెలవులకి అక్కడే ఉన్నాను. తాత కళ్ళద్దాలు సర్దుకుని చూసి, చెరువు కట్ట మీద నడవడానికి అంత దూరం పోవాలా అని అడిగాడు. ఉదయగిరి కొండ ఎక్కి, వచ్చేటప్పుడు అనంతసాగరం కట్ట మీద నడిచి రమ్మన్నాడు. రాయల గురించి రాసేవాడివి ఆయన కూర్చున్న చోటు చూడకుండా ఏం రాస్తావని కూడా అన్నాడు. ఆ మాట కొంచెం గుచ్చుకుంది. మర్నాడు తెల్లారి బస్సెక్కాను.

నిజం చెప్పాలంటే ఇంట్లోంచి బయటపడటానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఉదయగిరి బస్టాండులో దిగితే ఊరి వెనక గోడ కట్టినట్టు కొండ కనిపిస్తుంది. వెలిగొండల్లో భాగం. ఎత్తు 3,079 అడుగులు. ఇక్కడ మొత్తం 13 కోటలు ఉండేవని, కొండ మీద ఎనిమిది, కింద ఐదు అని చెప్తారు. కొన్ని వైపుల కొండ నిటారుగా లేచి ఉంటుంది. పట్టుకోవడానికి గడ్డి పోచ కూడా లేదు. నేను తాత కట్టిచ్చిన పులిహోర, రెండు నీళ్ళ బాటిళ్ళు బ్యాగులో పెట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాను. మొదటి అరగంటలోనే ఒక బాటిల్ ఖాళీ అయ్యింది. చుట్టూ తుప్పలు, విడిపోయిన మెట్లు, మధ్యలో సగం కూలిన ద్వారాలు. ఈ కొండ కింద 34 వేల మంది కాల్బలం, 800 ఏనుగులు ఏడాదిన్నర పాటు కాచుకుని కూర్చున్నాయంటే ముందు నాకు నమ్మబుద్ధి కాలేదు. ఈ లెక్క ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాసింది. రాయలు పోయిన కొన్నేళ్ళకి ఆయన విజయనగరంలో ఉండి, అక్కడ విన్నదంతా రాసిపెట్టాడు.

రాయల కథ ఈ కొండ దగ్గర మొదలవలేదు. తండ్రి తుళువ నరసనాయకుడు, తల్లి నాగలాంబ. నరసనాయకుడు పేరుకి సేనాని, కానీ రాజ్యం నడిపింది ఆయనే. ఆయన తర్వాత పెద్ద కొడుకు వీరనరసింహరాయలు సింహాసనం ఎక్కాడు. కృష్ణరాయలు సవతి తమ్ముడు. వీరనరసింహుడు మంచం పట్టినప్పుడు, తన ఎనిమిదేళ్ళ కొడుక్కి రాజ్యం దక్కాలని, అడ్డొస్తాడనుకున్న తమ్ముడి కళ్ళు పీకి తెచ్చి చూపించమని మంత్రి తిమ్మరుసుని ఆజ్ఞాపించాడట. తిమ్మరుసు కృష్ణరాయల్ని దాచి, మేక కళ్ళు తెచ్చి చూపించాడట. ఇది మనందరికీ తెలిసిన కథే. దీన్ని రాసిపెట్టింది కూడా ఆ నూనిజే. 1509లో అన్న చనిపోయాక కృష్ణరాయలు రాజయ్యాడు. పట్టాభిషేకం గుర్తుగా హంపీ విరూపాక్షుడి గుడికి మండపం, గోపురం కట్టించినట్టు 1510 నాటి శాసనం ఉంది. తిమ్మరుసుని ఆయన అప్పాజీ అని పిలిచేవాడు. తండ్రితో సమానం అన్నమాట.

కొత్త రాజుకి ఒక పాత బాకీ మిగిలి ఉంది. అంతకు ముందు ఏలిన సాళువ నరసింహరాయలు చనిపోతూ మూడు కోటలు పేరు పెట్టి, తాను గెలవలేకపోయాననీ తర్వాతివాళ్ళు గెలవాలనీ వీలునామా రాశాడట. రాయచూరు, ఉదయగిరి, కొండవీడు. ఉదయగిరి అప్పుడు ఒరిస్సా గజపతుల చేతిలో ఉంది. సాళువ నరసింహుడు ఈ ఉదయగిరి దగ్గరే ఓడి గజపతికి బందీగా దొరికాడు. మన భాషలో చెప్పాలంటే, పాత టీమ్ వదిలేసిన బగ్ కొత్త డెవలపర్ నెత్తిన పడింది.

1513లో రాయలు సైన్యంతో ఇక్కడికి వచ్చాడు. కోటలో ఉన్నది పదివేల మంది కాల్బలం, 400 గుర్రాలు మాత్రమే. అంతకు మించి అవసరం లేదు. కోట దగ్గరికి పోవడానికి ఒకటే దారి, అందులో ఒక్కసారి ఒక్క మనిషే నడవగలడు. 34 వేల మందిని తెచ్చినా కొట్లాడేది మాత్రం వరసలో ముందున్న ఒక్కడే. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి దీన్ని బాటిల్‌నెక్ అని వేరే చెప్పక్కర్లేదు. ఎన్ని ప్రాసెసర్లు పెట్టినా ఆ ఒక్క చోట వేగం పెరగదు.

అందుకని రాయలు మొదటి పని దారి మీద పెట్టించాడు. బండలు పగలగొట్టించాడు. రాతి గుట్టల మీదుగా కొత్త బాటలు వేయించాడు. ఒక్కడు పట్టే సందుని వెడల్పాటి రస్తా చేయించాడు. కోట బురుజుల దగ్గరికి సైన్యం గుంపుగా పోగలిగేంతవరకు ఆ పని సాగింది. ఇంకోపక్క లోపలివాళ్ళకి తిండి గింజలు అందకుండా కాపలా పెట్టాడు. ఒక వేసవి పోయింది, వానలు పోయాయి, మళ్ళీ వేసవి వచ్చింది. మా వైపు ఎండలు ఎలా ఉంటాయో నెల్లూరు జిల్లా వాళ్ళని అడగండి. రాజధానిలో పనులుంటాయి, ఉత్తరాన సుల్తానులు కాచుకుని ఉంటారు, అయినా ఆయన వెనక్కి తిరగలేదు. 1514 జూన్‌లో కోట లొంగింది. గజపతికి పినతండ్రి వరసైన తిరుమల రౌతరాయ మహాపాత్రుడు బందీగా చిక్కాడు. ఉదయగిరి రాజ్యాన్ని చూసుకోవడానికి రాయసం కొండమరుసయ్యని పెట్టి రాయలు కదిలాడు.

నేను పైన ఒక కోనేరు గట్టు మీద కూర్చుని పులిహోర తింటూ ఇదంతా ఫోన్లో నోట్స్‌గా రాసుకున్నాను. పైన రాయల కాలం కన్నా తర్వాతి కట్టడాలు కూడా ఉన్నాయి. గోల్కొండ వాళ్ళ నాటి మసీదులు రెండు ఉన్నాయి, పెద్దదీ చిన్నదీ. ఎవరు గెలిస్తే వాళ్ళు ఏదో ఒకటి కట్టుకుంటూ పోయారు. కిందికి చూస్తే ఊరు అగ్గిపెట్టెల్లా ఉంది. నాకు పైకి రావడానికి పట్టింది మూడు గంటలు. వాళ్ళకి పద్దెనిమిది నెలలు.

ఉదయగిరి నుంచి రాయలు తీసుకెళ్ళిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఒక చిన్న బాలకృష్ణుడి విగ్రహం. ముందు తిరుమల వెళ్ళి మొక్కు తీర్చుకున్నాడు. ఆ తర్వాత 1515లో హంపీలో ఆ విగ్రహం కోసమే కృష్ణాలయం కట్టించి ప్రతిష్ఠించాడు. ఇప్పుడా గుళ్ళో విగ్రహం లేదు, చెన్నై మ్యూజియంలో ఉంది. మనవాళ్ళు ఎగ్మోర్ స్టేషన్‌లో రైలు మారుతుంటారు కదా, ఈసారి రెండు గంటలు దొరికితే చూసి రండి.

తర్వాత యుద్ధాలు వరసగా నడిచాయి. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, 1515 జూన్‌లో కొండవీడు, ఆ తర్వాత కొండపల్లి. 1516లో సింహాచలం దాకా పోయి స్వామికి నగలు ఇచ్చాడు. చివరికి గజపతి సంధికి వచ్చి కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు. రాయలు కృష్ణకి ఉత్తరాన గెలిచిందంతా మామగారికి తిరిగి ఇచ్చేశాడు. కళింగ యుద్ధానికి పోతున్నప్పుడే కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆగితే, ఆంధ్ర మహావిష్ణువు కలలోకి వచ్చి తెలుగులో కావ్యం రాయమన్నాడట. అలా వచ్చిందే ఆముక్తమాల్యద. మనం ఫిబ్రవరిలోనో ఆగస్టులోనో వాట్సాప్ స్టేటస్ పెట్టుకునే ఆ తెలుగు గొప్పదనం పద్యం అందులోదే. కావ్యం మాత్రం శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి కథ. అందులో వానాకాలం వర్ణన ఉంది, రాజనీతి ఉంది. రాజ్యం చిన్నదైనా చెరువులు, కాలవలు తవ్వించి, పేద రైతుకి పన్ను తగ్గిస్తే సంపద పెరుగుతుందని ఆయన అందులో రాశాడు. 1520లో రాయచూరు కూడా గెలిచాడు. దాంతో వీలునామా బాకీ మూడు కోటలతోనూ తీరిపోయింది.

మధ్యాహ్నం కొండ దిగి, ఊళ్ళో రెండు చెక్క గరిటెలు కొన్నాను. ఉదయగిరి చెక్క స్పూన్లకి జీఐ ట్యాగ్ కూడా ఉంది. నర్ది, బిక్కి లాంటి అడవి చెక్కతో చేస్తారు. అక్కణ్ణుంచి బస్సు మీద బస్సు మారి ఎండ తగ్గే వేళకి అనంతసాగరం చేరాను.

కట్ట ఎక్కగానే సీనియర్ ఫొటో గుర్తొచ్చింది. ఒకపక్క నీళ్ళు, ఒకపక్క పచ్చటి మాగాణి, మధ్యలో నడిచే మనం. చూడటానికి ఒకేలా ఉంటుంది, పని మాత్రం తిరగేసి ఉంటుంది. అక్కడ కట్ట నీళ్ళని బయటే ఆపుతుంది. ఇక్కడ కట్ట వాననీళ్ళని పోకుండా లోపల పట్టి ఉంచుతుంది. వాళ్ళకి నీళ్ళు ఎక్కువై బాధ, మనకి చాలక బాధ. ఎక్కడైనా కట్ట తెగితే మాత్రం ఊరు పోతుంది. అందుకే తూము, కలుజు, రాతి కట్టుబడి అన్నీ లెక్క ప్రకారం ఉండాలి. ఈ లెక్క మా వైపు పాతదే. రాయలకి సుమారు 150 ఏళ్ళ ముందు ఉదయగిరి నుంచి ఏలిన భాస్కర భవదూరుడు, బుక్కరాయల కొడుకు, ఇప్పటి కడప జిల్లా పోరుమామిళ్ళలో చెరువు కట్టించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. 1369 నాటి అక్కడి శాసనంలో మంచి చెరువుకి ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు చెక్కించారు. అంటే డిజైన్ డాక్యుమెంట్‌ని రాతి మీద పెట్టారు.

రాయలు కూడా హోస్పేట దగ్గర నాగలాపురం అనే కొత్త ఊరు కట్టించి, రెండు కొండల మధ్య పెద్ద చెరువు తలపెట్టాడు. గోవా గవర్నర్‌ని అడిగి జువావ్ డి లా పోంటే అనే పోర్చుగీసు రాతిపని నిపుణుణ్ణి తెప్పించుకున్నాడు. డొమింగో పేస్ అనే యాత్రికుడు 1520 ప్రాంతంలో ఆ పని కళ్ళారా చూశాడు. 15 నుంచి 20 వేల మంది చీమల్లా పనిచేస్తుంటే నేల కనిపించలేదట. కట్ట రెండు మూడు సార్లు తెగిపోయింది. అప్పుడు రాజు, బ్రాహ్మణులు చెప్పారని, 60 మందిని, గుర్రాల్ని, దున్నల్ని అక్కడ బలి ఇప్పించాడని కూడా పేస్ రాశాడు. సినిమాల్లో ఇది చూపించరు. గొప్పవాడి జీవితం రాస్తున్నాను కదా అని దీన్ని వదిలేయాలనిపించింది, కానీ వదిలేస్తే అది జీవితం ఎలా అవుతుంది?

రాయలు ఎలా ఉండేవాడో కూడా పేసే రాశాడు. మధ్యరకం ఎత్తు, తెల్లటి రంగు, కొంచెం బొద్దుగా ఉండేవాడు, ముఖం మీద అమ్మవారి మచ్చలు. రోజూ తెల్లారకముందే లేచి నువ్వుల నూనె తాగి, ఒళ్ళంతా అదే నూనె పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, కుస్తీ పట్టి, తెల్లారేదాకా గుర్రం మీద పరిగెత్తేవాడు. ఎప్పుడూ నవ్వు ముఖం, న్యాయంగా ఉండే మనిషి. కానీ ఉన్నట్టుండి విపరీతమైన కోపం వస్తుందని పేస్ ఆ వెంటనే రాశాడు. కట్ట మీద కూర్చుని ఆ ముక్క రెండుసార్లు చదివాను. కొండ దగ్గర ఏడాదిన్నర ఆగినవాడూ ఈయనే, ఉన్నట్టుండి కోపం వచ్చేవాడూ ఈయనే.

చివరి రోజులు బాధగా ఉంటాయి. 1524లో తన కొడుకు, ఆరేళ్ళ తిరుమలరాయలికి తాను బతికుండగానే పట్టం కట్టాడు. కొన్ని నెలలకే ఆ పిల్లవాడు జబ్బుచేసి చనిపోయాడు. తిమ్మరుసు కొడుకే విషం పెట్టించాడని ఎవరో రాజు చెవిలో వేశారు. నూనిజ్ చెప్పేదాని ప్రకారం రాయలు నిండు సభకి తిమ్మరుసుని పిలిపించి, అక్కడే నేరం మోపి, అక్కడే కొడుకులతో సహా పట్టించాడు. వాళ్ళు మూడేళ్ళు చెరసాలలో ఉన్నారు. ఈలోగా ఒక కొడుకు తప్పించుకుని తిరగబడి మళ్ళీ దొరికాడు. చివరికి ఆ ముసలి మంత్రికీ, కొడుకులకీ కళ్ళు తీయించాడు. రాయలు 1529లో చనిపోయాడు. అప్పటికి బెళగావి మీద యుద్ధానికి సిద్ధమవుతున్నాడు. తమ్ముడు అచ్యుతదేవరాయలు రాజయ్యాడు. పెనుకొండలో తిమ్మరుసు సమాధి అని ఇప్పటికీ ఒక కట్టడం చూపిస్తారు.

మేక కళ్ళ కథ, ఈ కళ్ళు తీయించిన కథ రెండూ నూనిజ్ ఒక్కడే రాశాడు. మొదటి కథలో కాపాడిన కళ్ళకి రెండో కథలో పోయిన కళ్ళు మరీ అచ్చంగా సరిపోతున్నాయి కాబట్టి కొంచెం అనుమానించాలి. అయినా మనవాళ్ళు ఐదొందల ఏళ్ళుగా దీన్ని మర్చిపోలేదు. మా తాత కుర్రతనంలో మహామంత్రి తిమ్మరుసు సినిమా చూశాడు. గుమ్మడి వేసిన తిమ్మరుసుని తలుచుకుంటే ఇప్పటికీ గొంతు మారుతుంది. ఆ రాత్రి అన్నం తింటూ నేను ఒక మాట అడిగాను. బండల్ని పగలగొట్టడానికి ఏడాదిన్నర ఆగినవాడు, అప్పాజీ విషయంలో ఒక్క పూట ఆగి కనుక్కోలేకపోయాడా అని. కొడుకు పోయిన మనిషికి ఏం కనిపిస్తుందిరా అని తాత నన్నే తిరిగి అడిగాడు. బండ మీద ఎవరికీ కోపం రాదు, దాని దగ్గర ఎన్నాళ్ళైనా కూర్చోవచ్చు, కావాల్సినవాడి మీద వచ్చే కోపమే ఆగదు అని, మజ్జిగ పోసుకుంటూ మామూలుగా అన్నాడు.

ఇక నా సంగతి. పోయిన నెల మా మినీ ప్రాజెక్ట్ రివ్యూకి ముందు రోజు రాత్రి మా రిపోలో వారం రోజుల కోడ్ మాయమైంది. నా టీమ్‌మేట్ దగ్గర కూడా యాక్సెస్ ఉంది, ఆ సాయంత్రం చివరగా ముట్టుకున్నది వాడే అనుకున్నాను. అడగలేదు. క్లాస్ గ్రూప్‌లో, అందరూ చూస్తుండగా, వాడి పేరు పెట్టి రాసేశాను. వాడు ఒక్క ముక్క కూడా తిరిగి రాయలేదు. నాలుగు రోజుల తర్వాత లాగ్స్ చూస్తే తెలిసింది, ఫోర్స్ పుష్ చేసింది నేనే, నిద్రమత్తులో, నా లాప్‌టాప్ నుంచే. ఆ మెసేజ్ డిలీట్ చేశాను కానీ వాడితో మాట్లాడలేదు. సెలవులు వచ్చాయి కాబట్టి తప్పించుకున్నాను. కొండ ఎక్కడానికి అంత హుషారుగా బయల్దేరింది అందుకే. గిట్‌లో పోయిన కోడ్ రిఫ్‌లాగ్‌లో దొరికింది. గ్రూప్‌లో నేను అన్న మాటకి అలాంటిది ఏదీ లేదు.

రాయలకి సమాధానం చెప్పుకోవడానికి పైవాడెవడూ లేడు. నాకు వాడి నంబర్ ఉంది. ఆ రాత్రి మిద్దె మీద కూర్చుని, తప్పు నాదేనని, ఎలా జరిగిందో, ఎప్పుడు తెలిసిందో, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదో అదే క్లాస్ గ్రూప్‌లో వాడి పేరుతో రాశాను. చాటుగా సారీ చెప్తే సగమే చెప్పినట్టు అవుతుందనిపించింది. చాలామంది చూశారు. వాడు కూడా చూశాడు, నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

ఇది పంపించే నాటికి కూడా రాలేదు. కాలేజ్ తెరిచాక ల్యాబ్‌లో వాడి పక్కనే నా సీటు. రెండో గరిటె బ్యాగులోనే ఉంది. వాడు మాట్లాడేదాకా ఆగుతాను.